అమెరికా పాత నేషనల్ బ్యాంకు నోటు: ధరను తేల్చేది వయసు కాదు, ఊరు

పాత నోటు ఒక్కటి ఇంట్లో ఉంటే లక్షలు చేతికొస్తాయని ఊరించే వీడియోలు తెలుగులో ఆగకుండా తిరుగుతున్నాయి. తన పేరు చెప్పుకొని పాత నోట్లు, నాణేల లావాదేవీలకు కమీషన్లు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని భారతీయ రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇదే గందరగోళం మరో రూపంలో ఎదురవుతుంది. ఎస్టేట్ సేల్‌లో (చనిపోయినవారి ఇంటి సామాను అమ్మకంలో) కొన్న పాత సామానులోనో, ఇంటి యజమాని ఇచ్చిన పుస్తకాల మధ్యనో గోధుమరంగు సీలుతో, పైన ‘నేషనల్ కరెన్సీ’ అన్న అక్షరాలతో, ఎప్పుడూ పేరు వినని ఏదో ఊరి బ్యాంకు పేరుతో 20 డాలర్ల నోటు ఒకటి దొరుకుతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే అచ్చం అలాంటి నోటే ఒకచోట వంద డాలర్ల లోపు ధరకు, మరోచోట కొన్ని వేల డాలర్లకు అమ్ముడుపోయినట్టు కనిపిస్తుంది. రెండు ధరలూ నిజమైనవే కావచ్చు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే, అసలు ఈ నోట్లు ఎందుకు పుట్టాయో ముందుగా చూడాలి.

ప్రైవేటు బ్యాంకు పేరు, ప్రభుత్వం పూచీ

నేషనల్ బ్యాంకు అనగానే మనకు 1969లో జాతీయీకరణ జరిగిన 14 బ్యాంకులు గుర్తుకు రావడం సహజమే గాని, అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ నేషనల్ బ్యాంకు అంటే రాష్ట్ర ప్రభుత్వం నుంచి కాకుండా ఫెడరల్ ప్రభుత్వం నుంచి అనుమతిపత్రం, అంటే చార్టర్, పొందిన ప్రైవేటు బ్యాంకు మాత్రమే. అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో రాష్ట్రాల అనుమతితో నడిచే బ్యాంకులు ఎవరి నోట్లు వారే అచ్చువేసుకునేవి. వేల రకాల నోట్లు చలామణిలో ఉండటంతో ఏది అసలో, ఏది నకిలీయో, ఏ బ్యాంకు బతికి ఉందో తేల్చుకోవడం వ్యాపారులకు నిత్యం తలనొప్పిగా ఉండేది. యుద్ధ ఖర్చులకు అప్పు కావలసిన ప్రభుత్వం, ఆర్థికమంత్రి సాల్మన్ చేజ్ చొరవతో, 1863 ఫిబ్రవరి 25న ఒక చట్టం తెచ్చి, 1864లో దాన్ని సవరించి, ఈ రెండు అవసరాలనూ ఒకే ఏర్పాటుతో తీర్చుకుంది.

ఏర్పాటు ఇది. చార్టర్ పొందిన బ్యాంకు ప్రభుత్వ బాండ్లు కొని ట్రెజరీలో జమచేయాలి. ఆ బాండ్ల విలువలో 90 శాతం వరకు నోట్లు విడుదల చేసుకునే హక్కు దానికి వస్తుంది. ఈ పరిమితి 1900లో 100 శాతానికి పెరిగింది. ఒకే కాలంలో వచ్చిన, ఒకే విలువ గల నోట్లన్నిటి ప్రధాన చిత్రాలూ దేశమంతటా ఒకేలా ఉంటాయి. ముఖ్యంగా మారేది బ్యాంకు పేరు, ఊరు, రాష్ట్రం, చార్టర్ నంబరు (చార్టర్ ఇచ్చిన వరుస సంఖ్య), బ్యాంకు క్యాషియర్, ప్రెసిడెంట్ సంతకాలు. బ్యాంకు దివాలా తీసినా దాని నోటుకు ప్రభుత్వం పూచీ ఉండేది కాబట్టి నోటు చేతిలో ఉన్నవారు నష్టపోలేదు. మూతపడిన బ్యాంకు నోటు చెల్లదన్న అపోహ ఇప్పటికీ వినిపిస్తుంది గాని, ఈ నోట్లు నేటికీ ముఖ విలువకు చెల్లుతాయి. 20 డాలర్ల నోటు ఎంత నలిగినా 20 డాలర్లన్నది దాని ధరకు కనీస హద్దు.

ఇదే కాలంలో మన దగ్గర దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మార్పు జరిగింది. 1861 నాటి పేపర్ కరెన్సీ చట్టం బ్యాంక్ ఆఫ్ బెంగాల్, బ్యాంక్ ఆఫ్ బాంబే, బ్యాంక్ ఆఫ్ మద్రాస్‌ల చేతిలోని నోట్ల హక్కును తీసి ప్రభుత్వానికి అప్పగించింది. అందువల్ల ఊరూరి బ్యాంకు పేరు నోటు మీద ఉండే అనుభవం మన పెద్దలకు లేదు. అమెరికాలో మాత్రం అది 1935 దాకా సాగింది. ఆ ఏడాది, నోట్లకు ఆధారంగా ఉన్న బాండ్లను ప్రభుత్వం తీర్చివేయడంతో విడుదల ఆగిపోయింది. అప్పటికి 12 వేలకు పైగా బ్యాంకులు తమ పేరిట నోట్లు విడుదల చేశాయి. ఇప్పుడు సేకర్తలు వెతుకుతున్నది ఈ పన్నెండు వేల పేర్లనే.

నోటు మీది సంవత్సరాలు ఏమి చెబుతాయి, ఏమి చెప్పవు

కొత్తగా చూసేవారు మొదట పొరబడేది సంవత్సరం దగ్గరే. ‘సిరీస్ 1902’ అంటే 1902లో అచ్చయిన నోటని కాదు. ఆ రూపకల్పనకు ఆధారమైన సంవత్సరం అది. ఆ రూపంలోని నోట్లు 1929 దాకా అచ్చయ్యాయి. నోటు మీద తేదీ కూడా ఉంటుంది గాని, అది బ్యాంకు చార్టర్‌కు లేదా దాని పొడిగింపుకు సంబంధించినది. ప్లేటు చెక్కినప్పుడు ట్రెజరీ అధికారులుగా ఉన్నవారి సంతకాలే ఆ ప్లేటుతో తీసిన నోట్లన్నిటి మీదా నిలిచిపోయేవి. అందుకే జడ్సన్ లయన్స్, ఎల్లిస్ రాబర్ట్స్ సంతకాలున్న నోటు వారిద్దరూ పదవులు వదిలిన ఎన్నో ఏళ్లకు, 1920లలో అచ్చయి ఉండవచ్చు.

ఈ నోట్లను స్థూలంగా నాలుగు తరాలుగా చెప్పుకోవచ్చు. 1863 నుంచి వచ్చిన తొలి తరంలో మాత్రమే 1, 2 డాలర్ల నోట్లు ఉన్నాయి. 2 డాలర్ల నోటు మీద పెద్ద 2 అంకె పక్కకు పడుకున్నట్టు ఉంటుంది కాబట్టి సేకర్తలు దాన్ని ‘లేజీ డ్యూస్’ అంటారు. 1882 సిరీస్‌లో వెనుకభాగం మొదట గోధుమరంగులో, తర్వాత తేదీలతో, ఆపైన విలువను అక్షరాల్లో చూపుతూ మూడు విధాలుగా మారింది. 1902 సిరీస్‌లో మొదటి ఆరేళ్లు ఎర్ర సీలు. 1908 నుంచి నీలి సీలుతో, వెనుక ‘1902–1908’ తేదీలు. 1915 నుంచి నీలి సీలు ఉన్నా వెనుక తేదీలు లేవు. ఎర్ర సీలు నోట్లు తక్కువ కాలం వచ్చాయి కాబట్టి అదే బ్యాంకు నీలి సీలు నోటుకన్నా సాధారణంగా ఎక్కువ పలుకుతాయి. చివరిది 1929 సిరీస్, ఇప్పటి డాలరు నోటు పరిమాణంలో ఉండే చిన్న నోటు. ఇళ్లలో బయటపడేవాటిలో ఎక్కువ ఇవే.

1929 నోట్లలో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో చార్టర్ నంబరు నల్లరంగులో రెండుచోట్ల ఉంటుంది. 1933లో మొదలైన రెండో రకంలో, వాటికి తోడు సీరియల్ నంబరు పక్కన గోధుమరంగులో మరో రెండుసార్లు కనిపిస్తుంది. మొదటి రకాన్ని ఆరేసి నోట్ల షీటుగా బ్యాంకుకు పంపేవారు. ఒక షీటులోని ఆరు నోట్లకూ సంఖ్య ఒకటే. ముందున్న అక్షరం మాత్రం ఎ నుంచి ఎఫ్ వరకు మారుతుంది. అంటే ‘ఎఫ్000123ఎ’ అని ఉంటే, ఆ బ్యాంకుకు ఆ విలువలో వచ్చిన 123వ షీటులోని ఆరో నోటు అది. దానితో కలిపి 123 ఇంటు 6, అంటే 738 నోట్లు ఆ బ్యాంకుకు చేరాయని లెక్క. సంఖ్య చిన్నదిగా ఉందని చాలామంది సంబరపడతారు గాని, చిన్న ఊరి బ్యాంకుకు వచ్చిన మొత్తం షీట్లే కొన్ని వందలైనప్పుడు దాని నోట్లన్నిటికీ చిన్న సంఖ్యలే ఉంటాయి. ఒకటో నంబరు షీటుకు మాత్రం ప్రత్యేక గిరాకీ ఉంది.

1929కి ముందటి పెద్ద పరిమాణం నోట్ల మీద చార్టర్ నంబరు పక్కన ఎన్, ఇ, ఎస్, ఎం, డబ్ల్యూ, పి అక్షరాల్లో ఒకటి కనిపిస్తే అది అరుదుకు గుర్తు కాదు. న్యూ ఇంగ్లండ్, తూర్పు, దక్షిణం, మిడ్‌వెస్ట్, పశ్చిమం, పసిఫిక్ ప్రాంతాలను సూచిస్తూ, వాషింగ్టన్‌కు తిరిగొచ్చిన పాడైన నోట్లను వేరుచేసే గుమాస్తాల సౌకర్యం కోసం 1902 నుంచి 1924 వరకు వేసిన అక్షరాలవి.

చార్టర్ నంబరు, దాన్ని పోలిన మోసపు పోలికలు

నోటు ధర కోసం అడిగినవారిని డీలరు మొదట అడిగేది చార్టర్ నంబరే. నంబర్ 1 ఫిలడెల్ఫియాలోని ఫస్ట్ నేషనల్ బ్యాంకుది. చివరికి వరుస 14 వేలు దాటింది. ఒకే ఊళ్లో ఒకే పేరుతో వేర్వేరు కాలాల్లో రెండు బ్యాంకులు ఉండి ఉండవచ్చు కాబట్టి, పేరు కన్నా నంబరు నమ్మదగినది. అయితే చాలా పాత నోట్ల మీద ఈ నంబరు ఉండకపోవచ్చు. దాన్ని తప్పనిసరి చేసింది 1874లో.

నంబరు చిన్నదైతే నోటు విలువైనదన్న సూత్రం ఏదీ లేదు. న్యూయార్క్‌లోని నేషనల్ సిటీ బ్యాంకు నంబరు 1461. అది ఎంత పాత బ్యాంకో అంత పెద్ద బ్యాంకు, దాని నోట్లు విరివిగా దొరుకుతాయి. అందుకు విరుద్ధంగా, 1933 మార్చిలో దేశమంతటా బ్యాంకులకు సెలవు ప్రకటించిన తర్వాత పాత బ్యాంకుల శిథిలాల మీద పుట్టిన కొత్త బ్యాంకుల నంబర్లు పెద్దవే అయినా, అవి నోట్లు విడుదల చేసింది రెండేళ్లకు మించని కాలం. వాటిలో చాలావాటి నోట్లు ఎంత వెతికినా దొరకవు.

ఇక అసలు చిక్కు. 1933 ప్రాంతంలో నగదు కొరత తీర్చడానికి ప్రభుత్వం ఇవే 1929 నోట్ల కాగితాన్ని, ఇదే గోధుమరంగు సీలును వాడి, ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుల (అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని ప్రాంతీయ బ్యాంకుల) పేరిట అత్యవసరంగా నోట్లు అచ్చువేసింది. వాటి మీద కూడా ‘నేషనల్ కరెన్సీ’ అనే ఉంటుంది. పైపైన చూస్తే ఊరి బ్యాంకు నోటుకూ దీనికీ తేడా తెలియదు. కానీ బ్యాంకు పేరు దగ్గర ‘ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ షికాగో’ వంటి పేరు ఉండి, చార్టర్ నంబరు ఉండవలసినచోట ఎ నుంచి ఎల్ లోపు ఒక అక్షరం ఉంటే అది నేషనల్ బ్యాంకు నోటు కాదు. ఈ నోట్లు దండిగా మిగిలాయి. ‘నా నోటుకు అంత ధర ఎందుకు రాలేదు’ అన్న ప్రశ్నల్లో పెద్ద భాగానికి జవాబు ఈ ఒక్క పోలికలోనే ఉంది.

ఎన్ని అచ్చయ్యాయి, ఎన్ని మిగిలాయి

ప్రతి బ్యాంకుకూ ఏ విలువలో ఎన్ని నోట్లు పంపారో ప్రభుత్వ రికార్డుల్లో ఉంది. ఇంత స్పష్టమైన లెక్క ఉన్నప్పుడు అరుదు ఎంతో సులువుగా తేలిపోవాలి అనిపిస్తుంది. అలా తేలదు. పాడైన నోట్లు ఎప్పటికప్పుడు వాషింగ్టన్‌కు చేరి నాశనమయ్యేవి. ఒక బ్యాంకు 1,000 షీట్ల 10 డాలర్ల నోట్లు, అంటే 6,000 నోట్లు, విడుదల చేసిందనుకుందాం. మరో బ్యాంకు 200 షీట్లే, అంటే 1,200 నోట్లే విడుదల చేసింది. కానీ రెండో ఊళ్లో ఒక వ్యాపారి ఓ కట్టను ఇనప్పెట్టెలో దాచి మరచిపోతే, ఈనాడు మొదటి బ్యాంకువి మూడు, రెండో బ్యాంకువి నలభై కనిపించవచ్చు. అరుదుగా మారింది ఎక్కువ అచ్చువేసిన బ్యాంకే.

అందువల్ల సేకర్తలు దశాబ్దాలుగా మిగిలిన నోట్ల జాబితాను కడుతూ వచ్చారు. దాన్ని సెన్సస్ అంటారు. వేలంపాటల్లో, ప్రదర్శనల్లో, మ్యూజియాల్లో కనిపించిన ప్రతి నోటునూ సీరియల్ నంబరుతో నమోదు చేస్తారు. అయోవాలోని ఓకోబోజీలో నేషనల్ బ్యాంకు నోట్లకే అంకితమైన హిగ్గిన్స్ మ్యూజియం వంటివి ఈ కృషికి పట్టుగొమ్మలు.

సెన్సస్‌ను ఎంతవరకు నమ్మాలన్నదానిపై రెండు వాదనలున్నాయి. ఇన్నేళ్ల వెతుకులాట తర్వాత కూడా ఒక బ్యాంకువి రెండే కనిపించాయంటే అది నిజంగా అరుదేనని ఒక వర్గం అంటుంది. ధరలు కూడా ఈ నమ్మకం మీదే నిలబడుతున్నాయి. నమోదైనవి వెలుగులోకి వచ్చినవి మాత్రమేనని, ఆ ఊరి కుటుంబాల దగ్గర జ్ఞాపకంగా ఉండిపోయినవి లెక్కలోకి రావని, చవక నోట్లను నమోదు చేసే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి సాధారణ బ్యాంకుల సంఖ్యలు తక్కువగా కనిపిస్తాయని మరో వర్గం వాదిస్తుంది. రెండు మాటల్లోనూ పస ఉంది. నాకు తోచినంతవరకు, ‘రెండు’ అన్న సంఖ్యకూ ‘రెండు వందలు’ అన్న సంఖ్యకూ మధ్య తేడాను సెన్సస్ నమ్మకంగానే చూపుతుంది. రెండుకూ అయిదుకూ మధ్య తేడాను బట్టి ధరను రెట్టింపు చేయడం మాత్రం తొందరపాటు.

అరుదుకు తోడు గిరాకీ ఉండాలి

ప్రపంచంలో రెండే మిగిలిన నోటు కూడా కొనేవారు లేకపోతే చవకే. నేషనల్ బ్యాంకు నోట్లను చాలామంది ఊరి లెక్కన, కౌంటీ (జిల్లా లాంటిది) లెక్కన, రాష్ట్రం లెక్కన కూడబెడతారు. తాను పుట్టిన ఊరి బ్యాంకు నోటు కోసం ఒక డాక్టరో, రైతో ఏళ్ల తరబడి కాచుకొని ఉండటం ఈ రంగంలో మామూలు సంగతి. అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ బ్యాంకులు నోట్లు విడుదల చేసింది పెన్సిల్వేనియాలో. అక్కడ రెండు మూడు నోట్లే మిగిలిన చిన్న బ్యాంకులు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఒకటి తప్పితే మరొకటి కొనవచ్చు. వయోమింగ్, నెవాడా, అరిజోనా, అలాస్కా, హవాయి వంటిచోట్ల నోట్లు విడుదల చేసిన బ్యాంకులే కొద్ది. రాష్ట్రానికొక్క నోటు చొప్పున సేకరించేవారందరూ ఆ కొద్దిపాటి నోట్ల చుట్టూనే తిరుగుతారు. పెన్సిల్వేనియాలో మూడు మిగిలిన బ్యాంకు నోటు కన్నా వయోమింగ్‌లో పది మిగిలిన బ్యాంకు నోటు ఎక్కువ పలకడంలో వింతేమీ లేదు.

రాష్ట్రంగా మారకముందు అచ్చయిన నోట్లది మరో మెట్టు. 1889కి ముందటి డకోటా, 1907కు ముందటి ఓక్లహోమా, 1912కు ముందటి అరిజోనా నోట్ల మీద ‘టెరిటరీ’ అని ఉంటే, అదే బ్యాంకు తర్వాత విడుదల చేసిన నోటుకు ఎన్నో రెట్లు ధర వస్తుంది. 1870లలో కాలిఫోర్నియాలోని కొద్ది బ్యాంకులు బంగారు నాణేలకు మార్చుకునే హామీతో పసుపు ఛాయ కాగితం మీద తెచ్చిన నేషనల్ గోల్డ్ బ్యాంకు నోట్లు ఎంత నలిగినా విలువైనవే. లేజీ డ్యూస్ కూడా అంతే; బ్యాంకు ఏదైనా ఫరవాలేదు, ఆ రకం నోటు ఒకటి చాలనుకునేవారు దాన్ని కొంటారు.

నోటు స్థితి ఎప్పుడు ముఖ్యం

నోటు స్థితిని 70 పాయింట్ల కొలమానం మీద నిర్ధారించి, ప్లాస్టిక్ కవరులో భద్రపరిచి ఇచ్చే గ్రేడింగ్ సంస్థలు ఉన్నాయి. మడతలు, అంచు చిరుగులు, సూది బెజ్జాలు, తుప్పు మరకలు, అంచు కత్తిరింపులు అన్నీ అందులో లెక్కే. పెద్ద పరిమాణం నోట్లలో మరో విషయం చూస్తారు: బ్యాంకు అధికారుల సంతకాలు. షీట్లు బ్యాంకుకు చేరాక క్యాషియర్, ప్రెసిడెంట్ కలంతోనో, రబ్బరు స్టాంపుతోనో సంతకాలు వేసేవారు. ఆ సిరా చాలా నోట్ల మీద వెలిసిపోయింది. సంతకం స్పష్టంగా ఉంటే ధర పెరుగుతుంది. వెలిసినదాని మీద ఎవరైనా తిరిగి దిద్దితే అది మార్పు చేసిన నోటు కిందే లెక్క.

స్థితి ప్రభావం అన్ని నోట్ల మీదా ఒకేలా ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్యాంక్ ఆఫ్ అమెరికా, చార్టర్ 13044, 1929 నోట్లు విపరీతంగా మిగిలాయి. ఆ బ్యాంకు 20 డాలర్ల నోటు కావలసినవారికి నలగని నోటే దొరుకుతున్నప్పుడు నలిగినదానికి ఎక్కువ పెట్టవలసిన పని లేదు. ఓ మోస్తరు నోటు వంద డాలర్ల లోపే ఉండి, కొత్తదానిలా ఉన్న నోటు దానికి కొన్ని రెట్లు పలుకుతుంది. అదే ఆండ్రూ జాక్సన్ బొమ్మ, వెనుక అదే వైట్‌హౌస్ ఉండి, మూడే మిగిలిన ఊరి బ్యాంకు నోటు అయితే సేకర్తకు ఎంచుకునే వీలే ఉండదు. మూడింటిలో ఏది పాటకు వస్తే అదే కొనాలి. అప్పుడు రెండు మూడు మడతలు ధరను తగ్గిస్తాయి గాని తలకిందులు చేయవు.

ఉతికి, ఇస్త్రీ చేసి, చిరుగులు అతికిన నోట్ల విషయంలో అభిప్రాయాలు చీలిపోయాయి. నిపుణులు చేసిన మరమ్మతు కాగితాన్ని కాపాడుతుందని, ఏకైక నోటు ముక్కలవడం కన్నా అదే మేలని కొందరు అంటారు. చెప్పకుండా చేసిన మరమ్మతు కొనేవారిని మోసగించడమేనని, ఉతికిన కాగితం తన సహజమైన బిగువును కోల్పోతుందని మరికొందరి మాట. చెప్పి అమ్మాలన్న దగ్గర ఇద్దరూ కలుస్తారు. ఇంట్లో సబ్బు నీళ్లతో కడగడం మాత్రం ఎవరూ సమర్థించని పని.

వేలంపాట ధర దేనికి కొలత

ధరల పుస్తకాల్లోని అంకె ఒక అంచనా మాత్రమే. వేల బ్యాంకుల్లో అనేకం పదేళ్లకోసారి కూడా అమ్మకానికి రావు కాబట్టి, పుస్తకం పక్కనున్న బ్యాంకులను చూసి ఊహించవలసిందే. అందుకని పెద్ద వేలం సంస్థల పాత ఫలితాలే నమ్మదగినవని చాలామంది అంటారు. వాటిని చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, పాటదారుల సంఖ్య. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక బ్యాంకు నోటు మొదటిసారి పాటకు వచ్చింది. ముగ్గురు కోరుకున్నారు: ఒకరు 3,000 డాలర్ల దాకా, మరొకరు 2,800 దాకా, మూడోవారు 700 దాకా వెళ్లగలరు. రెండోవారు ఆగినచోట కొంచెం పైన, సుమారు 2,900కు పాట ముగుస్తుంది. ఏడాది తర్వాత అదే బ్యాంకుది ఇంకో నోటు బయటపడింది. మొదటివారి దగ్గర ఇప్పటికే ఒకటి ఉంది కాబట్టి ఆయన రాడు. రెండోవారికి పోటీ 700 దాకానే ఉన్న మూడోవారు మాత్రమే. పాట 750 దగ్గర ఆగుతుంది. నోట్ల సంఖ్య ఒకటి నుంచి రెండుకు పెరిగింది, ధర నాలుగో వంతుకు పడింది. 2,900 ఫలితాన్ని చూసి ఆ లెక్కన రెండో నోటును కొన్న డీలరు ఉంటే నష్టపోయేవాడు.

రెండోది, ప్రచురించిన ధరలో ఎవరి వాటా ఎంత అన్నది. వేలం సంస్థలు కొనేవారి నుంచి అదనపు రుసుము తీసుకొని, దాన్ని కలిపిన మొత్తాన్నే ఫలితంగా ప్రకటిస్తాయి. రుసుము 20 శాతం, అమ్మేవారి నుంచి కోత 10 శాతం అనుకుంటే, పాట 1,000 డాలర్ల దగ్గర ముగిసినప్పుడు కొన్నవారు 1,200 కడతారు, ప్రకటనలో 1,200 కనిపిస్తుంది, నోటు ఇచ్చినవారికి 900 చేరుతుంది. ఆ 900 కోసం గ్రేడింగ్ ఖర్చు పెట్టి, కొన్ని నెలలు ఆగి, పాట పలకని అవకాశాన్ని కూడా భరించాలి. అదే నోటుకు బల్ల మీద 800 ఇస్తానన్న డీలరు 1,200 నోటును మూడింట రెండు వంతులకు కాజేస్తున్నట్టు కనిపిస్తాడు గాని, అమ్మేవారి చేతికి వచ్చేదాన్ని బట్టి చూస్తే రెండింటికీ తేడా వంద డాలర్లే.